తలుపు వెనుక మరణం: గ్రీకు విషాద నాటకంలో వార్తాహరుని స్థానం

ప్రాచీన గ్రీకు విషాద నాటకాల్లో హత్యలకూ ఆత్మహత్యలకూ కొదవ లేదు. అయినా వాటిలో అధికభాగం ప్రేక్షకుల కంటబడవు. లోపలి నుండి ఆర్తనాదం వినిపిస్తుంది, లేదా వార్తాహరుడు వచ్చి జరిగినది వర్ణిస్తాడు. ఆపై శవం బయటికి వస్తుంది. రక్తపాతాన్ని రంగస్థలంపై చూపరాదన్న ఔచిత్య నియమమే దీనికి కారణమని తరచుగా చెబుతారు. ధనంజయుని దశరూపకం వధను, యుద్ధాన్ని ప్రత్యక్షంగా చూపరానివాటిలో చేర్చింది. ఆ లక్షణ సంప్రదాయం తెలిసిన తెలుగు పాఠకునికి ఈ వివరణ సహజంగానే తోస్తుంది. కాని గ్రీకు నాటకాలు దీనిని పూర్తిగా సమర్థించవు.

అరిస్టాటిల్ తన కావ్యశాస్త్రంలో వేదనాత్మక ఘట్టాన్ని నిర్వచిస్తూ, బహిరంగంగా జరిగే మరణాలను, గాయాలను ఉదాహరణలుగా పేర్కొన్నాడు. కరుణ, భయం దృశ్యాడంబరం వల్ల కంటే ఇతివృత్త నిర్మాణం వల్ల కలగడం మేలన్నాడే తప్ప నిషేధం విధించలేదు. మీడియా తన బిడ్డలను జనం ఎదుట చంపరాదని శాసించినవాడు రోమన్ కవి హొరేస్. అది యూరిపిడీస్ ‘మీడియా’ (క్రీ.పూ. 431) ప్రదర్శితమైన నాలుగు శతాబ్దాల తరువాతి మాట. యూరిపిడీస్ నాటకాల్లోనే ఆల్సెస్టిస్, హిప్పోలిటస్ ప్రేక్షకుల ఎదుటే కన్నుమూస్తారు. కనుక నిషిద్ధమైనది మరణం కాదు. హింసాకృత్యాన్ని తలుపు వెనుకకు నెట్టిన కారణాన్ని ఔచిత్యంలో కాక, నాటకం పుట్టిన తీరులో వెతకాలి.

డయోనిసస్ దేవుని స్తుతించే డిథిరాంబ్ అనే బృందగానాన్ని నడిపించిన నాయకుల నుండి విషాద నాటకం ఉద్భవించిందని అరిస్టాటిల్ అభిప్రాయం. ఈస్కిలస్ నటుల సంఖ్యను ఒకటి నుండి రెండుకు పెంచాడని, సోఫోక్లిస్ మూడవ నటుని ప్రవేశపెట్టాడని కూడా అతడే చెప్పాడు. అంటే ఈ నాటకానికి మొదటి ఆధారం గానం, దాని వెంట నడిచే కథనం. పాత్రల మధ్య చర్య ఆ తరువాత పెరిగినది. లభ్యమైన నాటకాల్లో ప్రాచీనతమమైన ఈస్కిలస్ ‘పర్షియన్లు’ (క్రీ.పూ. 472) ఇందుకు సాక్ష్యం. ఎనిమిదేళ్ల క్రితం జరిగిన సలామిస్ నౌకాయుద్ధం అందులో వార్తాహరుని నోటనే జరుగుతుంది. ఇద్దరు నటులతో చూపలేని యుద్ధాన్ని మాట చూపింది.

స్కీనీ అనే నేపథ్యగృహం, దాని ద్వారం ఏర్పడ్డాక ఈ కథన సంప్రదాయానికి కొత్త శక్తి వచ్చింది. ‘అగమెమ్నాన్’ (క్రీ.పూ. 458) నాటకంలో రాజు లోపల రెండుసార్లు కేక వేస్తాడు. బయట ఉన్న వృద్ధుల కోరస్ ఒకే గొంతుగా పలకడం మాని, ఒక్కొక్కరుగా తలా ఒక ఆలోచన చెబుతుంది. ఎవరూ లోపలికి అడుగు పెట్టరు. ఆ తర్జనభర్జన ముగిసేలోగా శవాల పక్కన క్లైటెమ్నెస్ట్రా దర్శనమిస్తుంది. ‘మీడియా’లోనూ పిల్లల కేకలు విన్న స్త్రీల కోరస్ లోపలికి వెళ్లాలా అని తనను తాను ప్రశ్నించుకొని, వెళ్లకుండానే నిలిచిపోతుంది. పిల్లల శవాల కోసం జేసన్ తలుపు తీయమని ఆజ్ఞాపిస్తాడు. లోపలి శవాలను చక్రాల వేదికపై బయటికి తెచ్చే ఆచారం తెలిసిన ప్రేక్షకుల చూపు కూడా ఆ ద్వారం మీదే ఉంటుంది. కాని మీడియా శవాలతో సూర్యుని రథంపై, ఇంటి పైభాగాన ప్రత్యక్షమవుతుంది. సంప్రదాయాన్ని ప్రేక్షకులు ఎరిగి ఉండటమే ఇక్కడ కవికి సాధనమైంది.

సోఫోక్లిస్ ‘ఈడిపస్ రాజు’లో వార్తాహరుడు తన చూపుకున్న పరిమితిని దాచడు. జొకాస్టా తలుపులు మూసుకున్నదని, అంతలో ఈడిపస్ అరుస్తూ రావడంతో అందరి చూపూ అతనివైపు మళ్లిందని, ఆమె ఎలా మరణించిందో చూడలేకపోయామని చెబుతాడు. ఆపై ఈడిపస్ తన కన్నులను పొడుచుకున్న తీరును వర్ణిస్తాడు. అది విన్న తరువాతనే అంధుడైన ఈడిపస్ బయటికి వస్తాడు. ముందు మాట, తరువాత దృశ్యం అన్న ఈ క్రమం వల్ల ప్రేక్షకుడు గాయాన్ని చూసి ఉలిక్కిపడడు. ఆ గాయానికి కారణమేమిటో తెలిసి చూస్తాడు.

కనుక తలుపు వెనుక మరణాన్ని కేవలం మర్యాద కోసం వేసిన తెరగా భావించడం నాటకానికి న్యాయం చేయదు. కోరస్ కేక వింటుంది, అర్థం చేసుకుంటుంది, కాని ఆపలేదు. ఎదుట కూర్చున్న ప్రేక్షకుని స్థితీ అదే. హింసను కనుమరుగు చేయడం ద్వారా గ్రీకు కవి దానిని తేలికపరచలేదు. దానిని విని కూడా బయటే నిలిచిపోయినవారిని రంగస్థలం నడుమకు తెచ్చాడు.