పాఠకుడి చదువు, రచయిత చదువు

మన సాహిత్య సభల్లో నవల గురించీ, కథ గురించీ, కవిత్వం గురించీ చర్చ జరుగుతుంది. పిల్లల కథలూ, బొమ్మల కథలూ, సైన్సు పుస్తకాలూ ఆ చర్చలోకి రావు. మొదటివి పసివాళ్ళవనీ, రెండోవి కాలక్షేపమనీ, మూడోవి సాహిత్యమే కాదనీ ఎప్పుడో తీర్పు ఇచ్చేశాం. అయితే న్యాయమంటే ఏమిటో, అధికారం ఎవరిదో, అందం ఏ రంగులో వుంటుందో పాఠకుడికి మొదట నేర్పేది ఈ పుస్తకాలే. ఆ తర్వాతనే మన నవల అతని చేతికి వస్తుంది.

ఈ గోడలు ఎంత కృత్రిమమైనవో తెలుసుకోడానికి కొడవటిగంటి కుటుంబరావు ఒక్కడు చాలు. ఆయన భౌతికశాస్త్రం చదివినవాడు. ‘చదువు’ నవల రాసిన చేత్తోనే సైన్సు మీదా, చరిత్ర మీదా, సినిమా మీదా వ్యాసాలు రాశాడు. 1952 నుంచి 1980లో చనిపోయేదాకా ‘చందమామ’ను నడిపించాడు. హేతువాది అయినవాడు దయ్యాలూ, రాజులూ వుండే పత్రికకు ఇన్నేళ్ళు ఎలా పనిచేశాడని కొందరు అడుగుతారు. ప్రశ్న సబబైనదే. కాని జవాబు కోసం ఆ కథల్ని చదవాలి.

బేతాళ కథనే తీసుకోండి. పాత కథలు అయిపోయాక కూడా ఆ చట్రంలో కొత్త కథలు వస్తూనే వున్నాయి. ప్రతి కథా ఒక చిక్కుముడి దగ్గర ఆగుతుంది. ఇద్దరిలో ఎవరిది తప్పు? ఎవరి త్యాగం గొప్పది? పేజీ తిప్పేలోగా పిల్లవాడు తన తీర్పు తాను చెప్పుకుంటాడు. కారణం చూపకుండా తీర్పు చెల్లదని కూడా అక్కడే నేర్చుకుంటాడు. దయ్యం నోట వచ్చినా అది తర్కమే. అయితే చివరి మాట ఎప్పుడూ రాజుదే. రైతుకూ, దాసికీ జరిగిన అన్యాయాన్ని కూడా సింహాసనమే సరిదిద్దాలి. తర్కం నేర్పే రూపమూ, విధేయత నేర్పే వస్తువూ ఒకే కథలో కలిసి వున్నాయి. ఈ వైరుధ్యాన్ని విప్పి చూపడం విమర్శకుడి పని. ‘భూస్వామ్య భావజాలం’ అని ఒక్క మాటతో కొట్టిపారేస్తే ఆ పని తప్పించుకున్నట్టే.

కామిక్కుల సంగతి మరీ జటిలం. 1967లో మొదలైన ‘అమర్ చిత్ర కథ’ పురాణాన్నీ, చరిత్రనూ ఒకే రకం బొమ్మల్లో, ఒకే సైజు పుస్తకాల్లో పిల్లలకిచ్చింది. పురాణం ఎక్కడ ఆగిందో, చరిత్ర ఎక్కడ మొదలైందో చదివే పిల్లవాడికి తెలిసే వీలు తక్కువ. కథలో ‘రాక్షసుడు’ అని రాస్తే వాడి ఒంటి రంగు చదివేవాడి ఊహకు వదిలినట్టు. బొమ్మ వేస్తే ఆ రంగు ఖాయమైపోతుంది. రాక్షసులు నల్లగా, వీరులూ రాణులూ తెల్లగా కనిపించే ఆ బొమ్మల్లోని కుల, వర్ణ దృష్టిని విమర్శించినవాళ్ళు వున్నారు. ఆ విమర్శ న్యాయమైనది. కాని ఒక గడికీ, మరో గడికీ మధ్య జరిగినదాన్ని పాఠకుడి చేతే పూరింపజేసే శక్తి బొమ్మల కథకు వుంది. ఆ శక్తిని శ్రామికుడి కథకు మనం ఎంతవరకు వాడుకున్నాం?

ఇక సైన్సు. పెరెల్మాన్ భౌతికశాస్త్ర పుస్తకాలు తెలుగులో చవకగా దొరికిన రోజులున్నాయి. పల్లె బడి పిల్లవాడి చేతికి కూడా అవి అందాయి. ‘ఇలా ఎందుకు జరుగుతుంది?’ అనే ప్రశ్నను ఆయన కథలా నడుపుతాడు. తెలిసిన వస్తువుతో మొదలుపెట్టి, తెలియని సూత్రం దగ్గర దింపుతాడు. 1991లో సోవియట్ యూనియన్ కూలిపోయాక ఆ పుస్తకాల రాక ఆగింది. ఆ ఖాళీని మనం పూరించలేదు. పోటీ పరీక్షల గైడ్లు పూరించాయి.

నవలలు మాత్రమే చదివే రచయిత, నవలల్లోంచే నవలలు రాస్తాడు. అతని రైతుకు భూమి లెక్క తెలియదు. అతని కార్మికుడికి యంత్రం ఎలా నడుస్తుందో తెలియదు. అతని పిల్లలు పెద్దవాళ్ళలా ఉపన్యసిస్తారు. జీవితం చూడాలన్న మాట నిజమే. కాని చూసినదాన్ని అర్థం చేసుకోడానికి చరిత్రా, అర్థశాస్త్రమూ, సైన్సూ కావాలి. అర్థమైనదాన్ని పదేళ్ళ పిల్లవాడికి చెప్పగల వాక్యమూ కావాలి. ఆ వాక్యం పిల్లల కథలోనే పట్టుబడుతుంది.

మన పత్రికలు సమీక్షించే పది పుస్తకాల్లో పిల్లల పుస్తకం ఒకటీ, సైన్సు పుస్తకం ఒకటీ, బొమ్మల పుస్తకం ఒకటీ వుండాలి. మనం చదవని పుస్తకాల్ని కూడా మన పాఠకుడు చదువుతూనే వున్నాడు. వాటిని మనం చదవనంత కాలం అతనితో మన సంభాషణ సగం దగ్గరే ఆగిపోతుంది.