శ్రుతికి మ్రోగిన చప్పట్లు

కలకత్తాలోని భవానీపూర్ సంగీత సమ్మిళని 20వ శతాబ్ది ఆరంభమునుండి హిందూస్థానీ సంగీతమును పోషించినది. అచ్చటి సభల కలవాటుపడిన శ్రోత, వాద్యమును శ్రుతిచేయుటను మౌనముగా ఆలకించును, రాగమని భ్రమింపడు.

1971 ఆగస్టు 1వ తేదీన న్యూయార్కులోని మాడిసన్ స్క్వేర్ గార్డెనులో జరిగిన సభ వేరు. తూర్పు బెంగాలు కాందిశీకుల సహాయార్థము, రవిశంకర్ కోరికపై జార్జి హారిసన్ ఏర్పరచిన రెండు ప్రదర్శనలకు సుమారు 40,000 మంది వచ్చిరి. వారిలో అధికులు రాక్ సంగీతమునకై వచ్చినవారే. రవిశంకర్ సితారును, అలీ అక్బర్ ఖాన్ సరోదును శ్రుతిచేసి ఆపగానే కరతాళధ్వనులు చెలరేగెను. శ్రుతియే ఇంత నచ్చినచో వాదనము మరింత నచ్చగలదని ఆశించుచున్నానని రవిశంకర్ మృదువుగా పలికెను.

ఆ సంవత్సరాంతమున మూడు రికార్డులుగా వెలువడిన 'ది కాన్సర్ట్ ఫర్ బంగ్లాదేశ్' ఈ పొరపాటును చెరిపివేయలేదు. దాని చిరంజీవిత్వమునకు మూల మిచ్చటనే కలదు. ఇందలి పాటలలో పెక్కింటికి స్టూడియోలో సిద్ధమైన నిర్దుష్టరూపములు కలవు. కాని వానిలో శ్రోతకు తావు లేదు. ఇందు శ్రోతయు పాత్రధారి. ఎరుగని సంగీతమునకును, ఎరుగని ప్రజల దుఃఖమునకును ఒకేసారి చెవియొగ్గిన జనసమూహము ఇందు వినవచ్చుచున్నది.

భవానీపూర్ రసికుడు ఆ చప్పట్లకు నవ్వవచ్చును. కాని ఆనాడు తన నగరపు సాల్ట్ లేక్ శిబిరములో తలదాచుకొన్న కాందిశీకులను స్మరించినచో, అవి అజ్ఞానముకంటె ఆదరమునే అధికముగా పలుకుచున్నవని అతడు గ్రహింపకపోడు.