దిగబడ్డ బండికి ఏ తాడు?

సార్వా దమ్ములు జోరుగా సాగే రోజుల్లో గోదావరి డెల్టాలో ఏ ఊరి పొలం గట్టు మీద నిలబడినా ఒక కేక వినిపిస్తుంది: "బాబాయ్‌గారూ, బండి దిగబడిపోయిందండీ, తాడేవన్నా ఉందాండీ?" పక్క చేలో ఉన్నవాళ్లు చేతిలో పని వదిలేసి పరుగెత్తుకొస్తారు. వాళ్ల మంచితనంలో లోటేమీ ఉండదు. లోటంతా ఆ "ఏవన్నా" దగ్గరే. వచ్చేది గేదెను కట్టే పలుపు కావచ్చు, గడ్డి లోడు బిగించే నైలాను తాడు కావచ్చు, బోరు మోటారు పైకి తీసే గొలుసు కావచ్చు. రెండు టన్నుల ట్రాక్టరు ఇరుసు దాకా బురదలో కూర్చుని ఉంటే, దాన్ని లాగడానికి దొడ్లో దొరికిన పలుపు తెస్తారు.

ఇక్కడి నేల అలాంటిది. గోదావరి వేల ఏళ్లుగా మోసుకొచ్చి పరిచిన ఒండ్రు అడుగున ఉంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలవ నీరు పది లక్షల ఎకరాలకు పైగా తడుపుతోంది. దమ్ము చక్రాలు వేసిన ట్రాక్టరు మామూలుగా ఆ బురదలో చేపలా తిరుగుతుంది. పాత బోదె పూడ్చిన చోటో, కిందటేడు మట్టి తవ్విన గొయ్యో తగిలిందంటే మాత్రం ఒక పక్కకు ఒరిగిపోతుంది. భీమవరం, ఆకివీడు వైపు చేపల చెరువు గట్ల మీద మేత లారీలదీ ఇదే కథ. ఇసుక ర్యాంపుల్లో టిప్పర్లదీ అంతే. కోతల వేళ వాన పడితే మరీ కష్టం. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు గోదావరి జిల్లాల్లో కోతకొచ్చిన వరి నీళ్లలో నానింది. అలాంటి చేలోకి టైర్ల కోత మిషను దిగితే దాన్ని బయటికి లాగడమే ఒక పూట పని.

తాడు సంగతి చెప్పుకోవాలంటే గోదావరి వాళ్లకు కచ్చులూరు గుర్తుకు రాక మానదు. అది బురదలో దిగబడ్డ బండి కాదు, నది అడుగుకు చేరిన బోటు. అయినా తాడు ఎక్కడ తెగుతుందో, ఎక్కడ పట్టు దొరుకుతుందో అంత బహిరంగంగా చూపించిన సంఘటన ఈ ప్రాంతంలో మరొకటి లేదు. 2019 సెప్టెంబరు 15న పాపికొండలు చూడబోతున్న యాత్రికులతో వెళ్తున్న రాయల్ వశిష్ఠ బోటు దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర మునిగిపోయింది. ఎన్నో కుటుంబాల్ని కూల్చిన ప్రమాదం అది. బోటు రెండువందల అడుగులకు పైగా లోతున కూరుకుపోయింది. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం దాన్ని తీయడానికి లంగర్లు, ఇనుప రోపులు, ఒడ్డున ప్రొక్లెయిన్లు పెట్టుకుని దిగింది.

మొదట్లో లాగిన రోపు తెగిపోయింది. వరద ఎక్కువై పని ఆగిపోయింది. మళ్లీ మొదలుపెట్టాక లంగరు బోటు రెయిలింగుకు తగులుకుంది, లాగితే రెయిలింగు ఊడి బయటికొచ్చింది, బోటు మాత్రం అక్కడే ఉండిపోయింది. చివరికి విశాఖ నుంచి వచ్చిన డైవర్లు చీకటి నీళ్లలోకి దిగి, తడుముకుంటూ బోటుకు రోపు కట్టి వచ్చారు. అక్టోబరు 22న బోటు ఒడ్డుకు చేరింది. ప్రమాదం జరిగి అప్పటికి 38వ రోజు.

పొలంలో ట్రాక్టరును లాగేవాళ్లకు ఇందులో రెండు సంగతులు కనిపిస్తాయి. తెగిన రోపు కూడా ఇనుపదే. అంటే తాడు గట్టిదైతే చాలదు, అవతలి మొండితనం ఎంతో ముందే అంచనా వేసుకోవాలి. రెయిలింగు సంగతి ఇంకా ముఖ్యం. ఎంత గట్టి రోపైనా కట్టిన చోటు ఓర్చుకున్నంతే లాగగలదు. బంపరుకో, వెనక ఉన్న సన్నటి కొక్కేనికో, ట్రాలీ పక్క చట్రానికో తాడు తగిలించి లాగేవాళ్లు ఆ రెయిలింగును ఒకసారి తలుచుకోవాలి.

అవతలి మొండితనం లెక్కకు సైన్యాలు వాడే మోటు లెక్క ఒకటుంది. చక్రాల మట్టానికి బురద ఉంటే బండి బరువంత బలం కావాలి. చక్రం పైరేకు దాకా దిగితే రెండింతలు, డ్రైవరు కూర్చునే క్యాబిను దాకా దిగితే మూడింతలు. యాభై హార్స్‌పవర్ ట్రాక్టరు సుమారు రెండు టన్నులనుకుంటే, రేకు దాకా దిగినదాన్ని కదపడానికి నాలుగు టన్నుల లాగుడు కావాలి. రోపు కొనేటప్పుడు బండి కాగితాల్లోని బరువు కాదు, ఈ నాలుగు టన్నులు బుర్రలో ఉండాలి. లోడుతో ఉన్న పది చక్రాల టిప్పరుకు చట్టం ఒప్పుకున్న మొత్తం బరువే 28 టన్నులు దాటుతుంది. ర్యాంపులో దాని ఇరుసు ఇసుకను తాకితే ఒక్క ట్రాక్టరుతో లాగాలనుకోవడం దండగ. గట్టి నేల మీదే ట్రాక్టరు తన బరువుకు మించి లాగలేదు, మెత్తటి నేల మీద ఆ బలం ఇంకా పడిపోతుంది.

అందుకే మూడు ట్రాక్టర్లు ఒకదాని వెనక ఒకటి కట్టి లాగుతారు. ఇది మంచి ఆలోచనే. కానీ ఇందులో ఒక పొరపాటు ప్రతి ఊళ్లోనూ జరుగుతుంది. మూడింటి బలమూ దిగబడ్డ బండికి కట్టిన ఒక్క తాడు మీదే పడుతుంది. ముందరి రెండు బళ్ల మధ్య తాడు సన్నంగా ఉన్నా ఫరవాలేదు, వెనకది మాత్రం అన్నిటికంటే గట్టిదై ఉండాలి. ఆ హడావుడిలో ఏ తాడు ఏ చివరకు కట్టారో ఎవరూ చూడరు.

ఇక ఏ రకం అన్న మాట. గోనె నార, కొబ్బరి పీచు మోకులు రథాలకూ పడవలకూ శోభ. అంతర్వేదిలో భీష్మ ఏకాదశి నాడు లక్ష్మీనరసింహస్వామి రథాన్ని వందల చేతులు ఒక్క ఊపున, కుదుపు లేకుండా లాగుతాయి, అలాంటి లాగుడుకు అవి సరిపోతాయి. ఇంజను ఇచ్చే కుదుపుకు మాత్రం అవి పనికిరావు.

నైలాను సాగుతుంది. దిగబడ్డ బండిని కుదిపి లాగడానికి చేసిన నైలాను పట్టీ తన పొడవులో ఇరవై శాతం దాకా సాగి, ఆ శక్తిని వెనక్కిచ్చి బండిని ఊపుతుంది. ఇసుకలో ఇది అద్భుతంగా పనిచేస్తుంది. ఇంట్లో ఉన్న పట్టీ సాగేదో సాగనిదో తెలియకుండా ముందుకు దూకిస్తే మాత్రం ముప్పే. నైలాను తడిసినప్పుడు బలంలో పదో వంతో, అంతకు కొంచెం ఎక్కువో తగ్గుతుంది కూడా. ఈ డెల్టాలో ఏ తాడైనా వాడే వేళకు తడిసే ఉంటుంది. పాలిస్టర్ బెల్టు పెద్దగా సాగదు, తడికి బలం పోదు. నిదానంగా, బిగి తీసి, ఒకే ఊపున లాగే పొలం పనికి పాలిస్టరే సరైనదని చెప్పక తప్పదు. రాజమండ్రి, కాకినాడల్లో సరుకు ఎత్తే బెల్టులు అమ్మే దుకాణాల్లో ఇది రంగును బట్టి దొరుకుతుంది. ఊదా ఒక టన్ను, ఆకుపచ్చ రెండు, పసుపు మూడు, బూడిద రంగు నాలుగు, ఎరుపు ఐదు టన్నులు. ఈ అంకెలు పని బరువులు, తెగే బరువు దీనికి ఏడింతలు. ట్రాక్టరుకు ఐదు టన్నుల ఎరుపు బెల్టు కొనుక్కుంటే పదిహేనేళ్లు దిగులు లేదనుకోవద్దు. ఎండ, బురద, రాళ్ల మొనలు దాన్ని తినేస్తుంటాయి. అంచు చిరిగినా, కుట్టు ఊడినా, నారలు లేచి నూగులా కనిపించినా ఆ బెల్టు లాగే పనికి చెల్లదు.

గొలుసుకు మర్యాద ఎక్కువ, అర్హత తక్కువ. ఇనుముకు ఎదురు లేదని ఒక నమ్మకం పాతుకుపోయింది. గొలుసు సాగదు కాబట్టి కుదుపంతా ఒక్క కడియం మీద పడుతుంది, అది విరిగితే మిగిలిన ముక్క, కొక్కెం ఎటు ఎగురుతాయో చెప్పలేం. కాంక్రీటు మొన, రాతి కట్ట, ఇరుసు చుట్టూ తిప్పి పట్టించే చోట మాత్రం గొలుసే నయం, బెల్టు అక్కడ కోసుకుపోతుంది. కొనేటప్పుడు కడియం మీద 8 అనో, 80 అనో ముద్ర ఉందేమో చూడాలి. గ్రేడ్ 80 గొలుసు పది మిల్లీమీటర్లదైతే పని బరువు 3.15 టన్నులు, పదమూడుదైతే 5.3. ముద్ర లేని గొలుసు గేటుకు తాళం వేసుకోవడానికి పనికొస్తుంది. వైర్ రోపు ఒడ్డున ప్రొక్లెయిన్‌తో దూరం నుంచి లాగే పనికి మంచిది. తీగలు తెగి బయటికొచ్చిన రోపును చేత్తో నిమిరితే అరచెయ్యి చీరుకుపోతుంది. ఏ ఒక్క పేటలోనైనా దగ్గరదగ్గరగా మూడు తీగలు తెగితే దాన్ని పక్కన పడెయ్యాలి.

ముడి వేస్తే తాడు బలం సగానికి పడిపోతుంది. అందుకే బెల్టు చివర కుట్టిన కన్నులో షాకిల్, అంటే పిన్నుతో మూసే ఇనుప కొక్కెం, పెట్టి పట్టించాలి. ముప్పావు అంగుళం షాకిల్ మీద 4.75 టన్నులని పోతపోసి ఉంటుంది. పిన్ను పోయిందని నట్టు బోల్టు దూర్చిన షాకిల్ మనుషుల ప్రాణాలు తీస్తుంది.

లాగే ట్రాక్టరు సంగతి తెలియక ఇక్కడ మరో ఘోరం జరుగుతుంటుంది. తాడును వెనక డ్రాబారుకు కాక, ఎత్తుగా ఉన్న టాప్ లింకు దగ్గర తగిలిస్తే, లాగుడు పెరిగినకొద్దీ ముందు చక్రాలు గాలిలోకి లేస్తాయి. ఇంజను శక్తి ఇరుసు చుట్టూ బండినే తిప్పేస్తుంది, డ్రైవరు మీద ట్రాక్టరు బోర్లాపడటానికి ఒక్క క్షణం చాలు. కింది డ్రాబారుకే, ఇరుసు మట్టం కన్నా దిగువకే కట్టాలి. ఇది పాతికేళ్లు నడిపినవాళ్లు కూడా ఒక్కోసారి మరిచిపోతారు.

తాడు వెయ్యకముందే సగం పని పార చేస్తుంది. చక్రాల చుట్టూ బురద తోడి, అడుగుకు గాలి దూరేలా చేస్తే మడ్డి పట్టు వదులుతుంది. కొబ్బరి మట్టలో, తాటి దుంగో ముందు చక్రం కింద వేసి, వచ్చిన దారినే వెనక్కి లాగడం సులువు. దిగబడ్డ బండి ఇంజను కూడా నిదానంగా తిరుగుతూ సాయపడితే తాడు మీద భారం బాగా తగ్గుతుంది. బిగిసిన తాడు మధ్యన తడి గోనెసంచి కప్పితే అది తెగినా ఎగురుడు తగ్గుతుంది. పిల్లలు, చూడ్డానికి వచ్చినవాళ్లు తాడు పొడవుకు ఒకటిన్నర రెట్లు దూరంలో ఉండాలి. "ఎక్కడున్నార్రా, అవతలికి పోండి!" అని ఒక పెద్దాయన అరవాలి, ఆ అరుపుకు అందరూ లోబడాలి.

పని అయ్యాక బెల్టును కాలవ నీళ్లలో రుద్ది, బురదంతా పోగొట్టి, నీడన ఆరబెట్టి, చుట్ట చుట్టి షెడ్డు గోడకు తగిలించాలి. దాని పక్కనే రెండు షాకిళ్లు, రెండు మీటర్ల గొలుసు, ఒక గోనెసంచి కూడా.