బరువు ఎటు పోతుంది?

ఆత్మకూరు దాటి ఉదయగిరి దారి పట్టాక, దుర్గం కొండ దగ్గరపడేకొద్దీ ఆకాశం సగం మూసుకుపోతుంది. ఎత్తు 3,079 అడుగులు. గజపతుల చేతిలోంచి దీన్ని లాక్కోవడానికి శ్రీకృష్ణదేవరాయలంతటి వాడికే ఏడాదిన్నర పట్టింది. 1514లో కోట లొంగింది. యుద్ధం సంగతి చాలామంది రాశారు. నాకు కావలసింది కప్పుల సంగతి.

విజయనగర కాలపు రాతి మండపంలో నిలబడి ఒకసారి తలెత్తండి. కాళ్లు, కాళ్ల మీద దూలాలు, దూలాల మీద పలకలు. అంతే. పై బరువంతా తిన్నగా కిందికి దిగుతుంది. రాయి ఎంత నొక్కినా ఓర్చుకుంటుంది కానీ వంచితే ఓర్చుకోదు. రాతి దూలం పొడుగైతే నడుమ అడుగున పగులు పుడుతుంది. మన మండపాలకు వందకాళ్లు, వెయ్యికాళ్లు ఉండేది అందుకే. స్తంభం తల మీద పూమొగ్గలా వేలాడే బోదికను చూసి శిల్పం అని మురిసిపోతాం. దాని అసలు పని వేరు: అటు జానెడు, ఇటు జానెడు ముందుకు పొడుచుకొచ్చి దూలానికి దూరం తగ్గిస్తుంది. చాకిరీ చేసేదాన్నే సింగారించడం ఆ వడ్డెవాళ్ల గడుసుదనం.

ఉదయగిరి పడిన ఆ 1514లోనే రోములో బ్రమాంటే అనే వాస్తుశిల్పి చనిపోయాడు. ఆయన 1506లో మొదలుపెట్టిన సెయింట్ పీటర్స్ చర్చి పని చిత్రకారుడు రాఫెయెల్ చేతికొచ్చింది. అక్కడివాళ్ల బెంగ మనకు తలకిందులు. వాళ్లకు కాళ్లు అడ్డం రాకుండా విశాలమైన చోటు కావాలి, నెత్తిన గుమ్మటం కావాలి. ఆ దారి చూపించింది ఫ్లోరెన్సులో బ్రునెల్లెస్కి. సుమారు 45 మీటర్ల వెడల్పున్న గుమ్మటాన్ని 1420 నుంచి 1436 దాకా, కింద నేల నుంచి సెంట్రింగ్ నిలపకుండానే లేపాడు. ఒకదానిలో ఒకటిగా రెండు పెంకులు కట్టాడు. జారిపోకుండా ఇటుకల వరుసల మధ్య అక్కడక్కడా నిలువు ఇటుకలు బిగించి చేపముల్లులా అల్లాడు.

కానీ గుమ్మటం బరువు కిందికే కాదు, పక్కలకూ తోస్తుంది. అందుకే బ్రునెల్లెస్కి గోడల్లో రాతి గొలుసులు దాచాడు. 1590లో పూర్తయిన సెయింట్ పీటర్స్ గుమ్మటం పగుళ్లిస్తే, 1740లలో బండి చక్రానికి పట్టా వేసినట్టు ఇనుప కట్లు బిగించారు.

ఇంత దూరం పోనక్కర్లేదు. 1640లలో గోల్కొండ అబ్దుల్లా కుతుబ్ షా సేనలు ఉదయగిరిని పట్టాక కొండ మీద మసీదు లేచింది. దూలాల కొండ మీదికి కమాను వచ్చింది. కమానులో ప్రతి రాయీ పక్కరాయిని నొక్కుతూ నిలబడుతుంది, వంగే పని దేనికీ లేదు. ఐరోపా వాస్తు చరిత్ర పుస్తకాల్లో బొమ్మలు గీసి చెప్పే తేడా ఇది. ఇక్కడ కాళ్లీడ్చుకుంటూ కొండెక్కితే చాలు. తెలివి వాళ్ల సొత్తు, ఓపిక మన సొత్తు అనే మాట నేను నమ్మను. బరువును ఎటు పంపాలన్న దగ్గరే దారులు చీలాయి.

ఆ రెండు దారులూ ఒకసారి ఎదురుపడ్డాయి కూడా. గుర్రాల బేరగాడు న్యూనిజ్ రాసిన కథ ఇది. రాయలు పెద్ద చెరువు తలపెట్టి, మేస్త్రీలను పంపమని గోవా పోర్చుగీసు గవర్నరును అడిగాడు. ఆయన జొవావ్ దెల్లా పొంతె అనే రాతిపని నేర్పరిని పంపాడు. వచ్చినవాడికి అది అయ్యే పనిలా తోచలేదు. అయినా చేస్తానని ఒప్పుకుని, ముందు సున్నం సిద్ధం చేయించమన్నాడు. రాయలు పగలబడి నవ్వాడట. ఈ దేశంలో ఇళ్లు కట్టేవాళ్లకు సున్నం వాడకం తెలియదని న్యూనిజ్ దానికి కారణం కూడా చెప్పాడు.

రాయలు నవ్వే ఉంటాడు. కారణం మాత్రం నాకు మింగుడుపడదు. ఉదయగిరి నుంచి తీసుకెళ్లిన బాలకృష్ణుణ్ణి ఆయన 1515లో హంపీలో ప్రతిష్ఠించాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. గుడి మాత్రం హంపీలోనే ఉంది, పైన ఇటుక గోపురంతో. దాని మీద గుర్రపు రౌతులు, డాలు పట్టిన బంట్లు. ఉదయగిరి యుద్ధమే అంటారు చూసినవాళ్లు. ఆ బొమ్మలన్నీ సున్నంతో చేసినవే.