సాబేర్ - కోనోసేర్: ఎఱుకలోని భేదము

ఆంగ్లమున నిత్యవ్యవహారములో నున్న 'నో' అను క్రియకు స్పానిష్ భాషయందు సాబేర్, కోనోసేర్ అను రెండు క్రియలు కలవు. సంగతులకు మొదటిది, మనుష్యులకును స్థలములకును రెండవది యని పాఠ్యగ్రంథములు సామాన్యముగా చెప్పుచుండును. ఈ విభాగము ప్రథమపాఠమునకు చాలును గాని యనువాదకునకు చాలదని మా యభిప్రాయము. ఒకే పద్యమును గూర్చి రెండు క్రియలను వాడవచ్చును. సాబేర్ అనిన నది కంఠస్థమని యర్థము. కోనోసేర్ అనిన నెప్పుడో చదివిన పరిచయము మాత్రమే. కావున భేదము కర్మపదములో లేదు, ఎఱుక యొక్క స్వభావములో నున్నది.

తెలుగువాడు ఈ భేదమును ఆంగ్లముద్వారా నేర్వనక్కరలేదు. 'ఈత వచ్చును', 'సంగతి తెలియును' అను రెండును సాబేర్. 'ఆయనతో పరిచయము కలదు' అనునది కోనోసేర్. అయినను 'ఆయన నాకు తెలియును' అను మన వాడుకను నమ్మి యచ్చట సాబేర్ ప్రయోగించినచో దోషమగును. 'ఎఱుగు' ధాతువును నమ్మదగినది కాదు. అది మనిషికిని సంగతికిని సమానముగా చెల్లును. (సాబేర్‌కు మూలమైన లాటిన్ ధాతువునకు రుచి యని యర్థము, నేటికిని స్పెయిన్ దేశీయులు వంటకము రుచిని ఈ క్రియతోనే చెప్పుదురు. రసజ్ఞశబ్దము గల మనకిది వింత గాదు.)

అసలు చిక్కు భూతకాలములో నున్నది. 'సాబీయా' అనిన నప్పటికే తెలిసియుండెనని; 'సూపె' అనిన నప్పుడు తెలియవచ్చినదని. అట్లే 'కోనోసీయా' అనిన పూర్వపరిచయము, 'కోనోసీ' అనిన తొలి పరిచయము. ఆంగ్లభూతరూపమొక్కటి యీ భేదమును మ్రింగివేయగలదు. మన 'తెలిసియుండెను', 'తెలియవచ్చెను' అనునవి దానిని చక్కగా నిలుపును.

గాబ్రియేల్ గార్సీయా మార్కెస్ 1981లో ప్రకటించిన 'క్రోనికా దె ఉనా ముఎర్తె అనున్సియాదా' యను నవలలో కవలసోదరులు సాంతియాగో నాసార్‌ను చంపుదుమని ముందుగనే చాటుదురు. ఊరిలో ననేకులు వినిరి; హత్య ఆగలేదు. ఎవరికి ఏ క్షణమున తెలిసినది యను ప్రశ్న మీదనే కథ నడచును. ఇట్టి కథను ఆంగ్లమునుండి తెనిగించువాడు, మూలమును చూడక ప్రతిచోటను 'తెలుసు' అని వ్రాసినచో, ముందే యెఱిగి యూరకున్నవానికిని, కడపటి గడియలో విని పరుగెత్తినవానికిని అపరాధము సమానమైపోవును.