నేలకొండపల్లి బుద్ధమూర్తి : గ్రీకు, రోమను కొలతలు

భక్త రామదాసుగా ప్రసిద్ధిగాంచిన కంచెర్ల గోపన్న జన్మస్థలమగు నేలకొండపల్లి ఖమ్మమునకు సమీపమున నున్నది. అచ్చటి బౌద్ధ మహాస్తూప ప్రాంతమున సున్నపురాతి బుద్ధమూర్తులు లభించినవి. ఆంధ్రశైలికి చెందిన ఇట్టి మూర్తులయందు కండరముల పొందిక లేదనియు, దేహజ్ఞానము కొరవడినదనియు ఒక ఆక్షేపణ కలదు. అది గ్రీకు కొలతతో చేసిన తీర్పు. ఆ కొలత యెట్టిదో ముందుగా పరిశీలింపవలయును.

క్రీ.పూ. 440 ప్రాంతమున పోలిక్లీటస్ కంచున పోతపోసిన బల్లెపు వీరుని విగ్రహము గ్రీకు ఆదర్శమునకు ఒరగల్లు. వీరుని భారము కుడికాలిపై నిలిచినది, ఎడమకాలు సడలినది. అందుచే నడుము ఒకవైపునకు, భుజములు వేరొకవైపునకు వాలినవి. అవయవముల పరస్పర ప్రమాణమును వివరించుచు ఆ శిల్పి ఒక గ్రంథమును గూడ రచించెను. కాని మూలవిగ్రహము నశించినది. మనకు మిగిలినవి రోమనుల నాటి పాలరాతి ప్రతులే. వాని కాలిచెంత గల చెట్టుమోడు రాతిబరువును మోయుటకు చేర్చినది.

రోమనులు కేవలము అనుకర్తలు కారు. 1863లో ప్రీమా పోర్టాలో బయల్పడిన ఆగస్టస్ విగ్రహమునకు నిలుకడ పోలిక్లీటస్ వీరునిది, ముఖము చక్రవర్తిది. గణతంత్రయుగపు వృద్ధుల శిరస్సులయందు ముడుతలను, బోడితలను శిల్పులు దాచలేదు. గ్రీకులు మానవుని ఆదర్శమును, రోమనులు వ్యక్తిని, వాని పదవిని ప్రధానముగా గ్రహించిరి. కావున గ్రీకు, రోమను కొలతలు సయితము ఒకటి కావు.

ఆంధ్రశైలి బుద్ధుడు రెండు పాదములపై సమముగా నిలుచును. కుడిభుజము అనాచ్ఛాదితము. చీవరపు ముడుతలు సన్నని గీతలు. క్రిందియంచు మాత్రము దళసరిగా చుట్టుకొని యుండును. గాంధార బుద్ధునకో, రెండు భుజములను కప్పి రోమను వస్త్రమువలె బరువుగా జారు ముడుతలు కలవు. బుద్ధప్రతిమ గ్రీకుమూలకమని ఫూషే వాదింపగా, ఆనంద కుమారస్వామి 1927లో దానిని ఖండించి భారతీయ మూలమును ప్రతిపాదించెను.

దేహజ్ఞానము లేదన్న వాదమునకు అమరావతి శిల్పమే ప్రత్యుత్తరము. నలగిరి గజమును చిత్రించిన ఫలకమున మదపుటేనుగు ముందు జనులు బెదరి ఒరగుచు, ఒకరినొకరు పట్టుకొనుచున్నారు. బుద్ధుడు మాత్రము నిశ్చలుడు. దేహపు మెలికలను అంత నేర్పుతో మలచిన సంప్రదాయమునకు నిశ్చలత అశక్తత కాజాలదు. అది బుద్ధునికై కోరి యెన్నుకొనిన లక్షణము.

భద్రాచల మన్యమునకు సమీపమున, గోదావరి తీరమందలి మంగపేట ప్రాంతపు బృహచ్ఛిలా సమాధులచెంత శిలువవంటి నిలువురాళ్ళు గలవు. విలియం కింగ్ 1877లో వానిని వర్ణించెను. వానిని మానవాకృతులుగా గ్రహించినచో, తలయు రెండు చేతులును మాత్రమే సూచింపబడినవి. మృతుల సన్నిధిని నిలిపిన ఆ రాతికి కండర సౌష్ఠవముతో పనిలేదు.

తులనాత్మక విమర్శ ఒక జాతి శిల్పమును వేరొక జాతి పరీక్షలో ఉత్తీర్ణము చేయుట కాదు. మూర్తి యే ప్రయోజనమునకు నిలిచినదో తెలిసికొనిన పిమ్మటనే దాని గుణదోషములను నిర్ణయింపవలయును.