నారాయణతీర్థులు: మహిమల చాటున వాగ్గేయకారుడు

మంగళగిరి పక్కనున్న కాజ నారాయణతీర్థుల జన్మస్థలమని తెలుగునాట ప్రతీతి. ఆయన జీవితం గురించి మనకు చేరినవి దాదాపు అన్నీ మహిమల కథలే: కడుపునొప్పితో బాధపడుతూ కావేరి తీరం చేరడం, వరాహం వెంట నడిచి తంజావూరు సీమలోని వరహూరులో స్థిరపడడం. భక్తులకు ఈ కథ చాలు. సాహిత్య విద్యార్థికి చాలదు.

కృష్ణాతీరపు రచయిత కావేరి ఒడ్డున ఎందుకు రాణించాడు? దీనికి జవాబు చరిత్రలో వెతకాలి. 1673 వరకు తంజావూరును ఏలిన నాయకరాజులు తెలుగు కవులనూ యక్షగానాన్నీ పోషించారు. తర్వాత వచ్చిన మరాఠా ప్రభువులు ఆ పోషణను కొనసాగించారు. పాట కట్టేవాడికి గాయకులూ శ్రోతలూ దొరికే నేల అది.

‘కృష్ణలీలాతరంగిణి’ సంస్కృత రచన. కృష్ణ జననం నుంచి రుక్మిణీ కల్యాణం దాకా 12 తరంగాలు. శ్లోకం, గద్యం, పాట, దరువు కలిసిన ఆ కట్టడం యక్షగానానికి దగ్గర చుట్టం. భాష పండితులది, రూపం మాత్రం ఆడి పాడేవాళ్లది. అందుకే కూచిపూడి కళాకారులు దాన్ని సొంతం చేసుకుని, ఇత్తడి పళ్లెం అంచుల మీద పాదాలు నిలిపి తరంగం ఆడారు. తమిళనాట భజన గోష్ఠులు నోటికి నేర్చుకుని పాడాయి.

ఈ పాదాలూ ఈ గొంతులూ లేకపోతే ఆ గ్రంథం పండితుల అలమారు దాటేది కాదు. తీర్థులను యోగిగా పూజించి ఆయన పనితనాన్ని వదిలేయడం ఎంత లోపమో, సంస్కృతంలో రాశాడని అభ్యుదయ విమర్శ ఆయన్ను పక్కన పెట్టడమూ అంతే లోపం. ఒక రచన ప్రజలకు దూరమని తీర్పు చెప్పే ముందు, ఇంతకాలం దాన్ని మోసినవాళ్లెవరో చూడాలి.